కొత్త మచ్చలు లేవు

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా మేలు జరిగితే ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. పిల్లాడికి ఉద్యోగం వచ్చినా, గేదె సుఖంగా ఈనినా, ఆపరేషన్ బాగా జరిగినా అంతే. మేలు పొంది నోరు మెదపకుండా కూర్చోవడం మావాళ్ళ దృష్టిలో పెళ్ళిభోజనం చేసి చెప్పకుండా వెళ్ళిపోవడం లాంటిది. ఈ పద్ధతంటే నాకు గౌరవమే. కాకపోతే నా విషయంలో మేలు జరక్కముందే సాక్ష్యం జరిగిపోయింది. నేను పడ్డ అవస్థంతా అక్కడే మొదలైంది.

నేను రామచంద్రపురంలో ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. నాకు మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే జబ్బు ఉంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ దారి తప్పి, మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీద ఉండే పొరని కొరికేస్తుంది. మొదట్లో అది దాడుల్లా వచ్చిపోయేది. ఒకసారి కన్ను మసకబారింది, ఇంకోసారి చెయ్యి మొద్దుబారింది, కొన్ని వారాలకి సర్దుకునేది. తర్వాత దాడులు ఆగిపోయాయి. హమ్మయ్య అనుకుంటూ ఉండగా నా కుడికాలు ఏ హడావుడీ లేకుండా, మెల్లమెల్లగా, నా మాట వినడం మానేసింది. ఈ దశని ప్రోగ్రెసివ్ అంటారు. దాడి ఉండదు, జ్వరం ఉండదు, ఫలానా రోజున మొదలైందని చెప్పడానికి ఏమీ ఉండదు. నిన్నటి కంటే ఇవాళ కొంచెం తక్కువ నడుస్తాం, అంతే.

ఇంట్లో మేం ముగ్గురం. మా ఆయన ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తా. మా అత్తగారు చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ ప్రార్థన చేస్తే పక్క వీధిలో కూడా వినిపిస్తుంది, ఇక దేవుడికి వినిపించకపోవడమనే ప్రశ్నే లేదు. నా జబ్బు పేరు ఆవిడకి నోరు తిరగదు గానీ, దాని కోసం ఆవిడ ఉపవాసాలున్న శుక్రవారాలు బోలెడు. నన్ను ప్రేమించలేదని నేను ఏనాడూ అనుకోలేదు. ఆ ప్రేమ కొంచెం గట్టిగా ఉంటుంది, అంతే.

ఏటేటా చేయించే ఎమ్మారై ఆ యేడు కూడా రాజమండ్రిలో చేయించుకున్నాం. రిపోర్టులో, మెదడు మీద కొత్త మచ్చలు లేవనీ, పాతవి ఎక్కడివక్కడే ఉన్నాయనీ రాశారు. మా ఆయన ఆ వాక్యాన్ని స్కానింగ్ సెంటర్ మెట్ల మీదే నిలబడి చదివి, అక్కణ్ణుంచే వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. మేం కడియం నర్సరీలు దాటేలోపు మా పేటంతా తెలిసిపోయింది. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆటో దిగడానికి కుడికాలిని రెండు చేతులతో ఎత్తి కింద పెట్టుకున్నాను. అది ఎవరూ చూడలేదు. చూసినా చూడనట్టే.

ఆదివారం అత్తగారు లేచి నిలబడ్డారు. "వందనాలండి. మా కోడలికి మెదడులో ఉన్న జబ్బుని దేవుడు ఆపేశాడండి. స్కానింగులో కొత్తవి ఒక్కటి కూడా లేవండి. పూర్తిగా తగ్గిపోయింది" అన్నారు. అంతా "స్తోత్రం" అన్నారు. సాయంత్రం మా ఇంటి ముందు షామియానా వేసి, ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించి కృతజ్ఞతా కూడిక పెట్టారు. టీ, బూందీ, కారప్పూస. వచ్చినవాళ్ళందరూ నా చెయ్యి పట్టుకుని అభినందించారు. నాకు చిన్నగా ఒళ్ళు మండింది. ఎవరి మీదో చెప్పలేను. కొత్త మచ్చలు లేవంటే, తగ్గిపోయిందని కాదు. లెక్కల్లో అయితే ఈ తప్పుకి సున్నా వేసి పంపించేదాన్ని. షామియానా కింద కూర్చుని, టీ తాగుతూ, అంతమంది ఆనందానికి సున్నా వెయ్యడం ఎలాగో నాకు తెలియలేదు.

ఆ తర్వాత మొదలైంది అసలు కష్టం. అప్పటికే నేనొక చేతికర్ర కొనుక్కుందామని చూస్తున్నాను. ఆ మాట అత్తగారి దగ్గర ఎత్తగానే ఆవిడ ముఖం వాడిపోయింది.

"దేవుడి ఎదుట తగ్గిందని చెప్పి, మళ్ళీ నువ్వు కర్ర పట్టుకుని చర్చికొస్తే ఆయన్ని అబద్ధికుణ్ణి చేసినట్టు కాదా అమ్మా?"

"అబద్ధం చెప్పింది ఆయన కాదుగా అత్తయ్యగారూ" అన్నాను.

ఆ రోజంతా ఆవిడ నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే ఒక పొడుగాటి గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టారు. పాతకాలపు నల్ల గొడుగు, వంకీ పిడి. "ఇది ఆనుకుని నడువు. కర్రేం కాదు, గొడుగే కదా. ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు. ఆవిడకి నా కాలి మీద జాలి ఉంది, తన సాక్ష్యం మీద పట్టూ ఉంది. ఆ రెండింటికీ కలిపి ఆవిడ కనిపెట్టిన ఉపాయం అది. నాకు నవ్వాలో కోప్పడాలో తెలియక తీసుకున్నాను.

గొడుగు బాగానే పనిచేసింది, వాన పడేవరకూ. బడులు తెరిచిన కొత్తలో ఒక సాయంత్రం, గేటు దగ్గర ఆటో కోసం నిలబడి ఉండగా వాన దంచింది. గొడుగు విప్పితే ఆనుకోవడానికి ఏమీ లేదు, పడిపోతాను. విప్పకపోతే తడుస్తాను. మూసిన గొడుగు మీద రెండు చేతులూ వేసి, నిలువునా తడుస్తూ నిలబడిపోయాను. తొమ్మిదో తరగతి పిల్లలు సైకిళ్ళాపి నన్ను వింతగా చూశారు. ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చి, "టీచర్, మీ చేతిలో గొడుగుందండి!" అని గుర్తు చేసింది. "తెలుసమ్మా" అన్నాను. పాపం ఆ పిల్ల ఇంటికెళ్ళి ఏం చెప్పిందో.

ఆ రాత్రి నేను ఏడ్చాను. మా ఆయన తువ్వాలుతో నా తల తుడుస్తూ, "రిపోర్ట్ చూశాం కదా, బాగానే ఉంది. నువ్వే కొంచెం గుండె దిటవు చేసుకోవాలి" అన్నాడు. మంచివాడు, ఓదార్పుగానే అన్నాడు. కానీ అంతగా నన్ను నొప్పించిన మాట ఇంకొకటి లేదు. ఎందుకంటే అప్పటికి నాకే నా మీద అనుమానం మొదలైంది. అంత పెద్ద మిషను ఏమీ లేదంటుంటే, నా కాలు ఉందంటోంది. మిషను అబద్ధం చెబుతుందా? నిజంగానే నేను బద్ధకిస్తున్నానా? పొద్దున్నే మంచం దిగేటప్పుడు కాలిని తిట్టడం అలవాటైంది.

రాజమండ్రిలో నన్ను చూసే నరాల డాక్టరు నాకంటే చిన్నది. తర్వాతిసారి వెళ్ళినప్పుడు సూటిగా అడిగేశాను. "రిపోర్టు బాగుందండి, నేను బాగాలేను. మా ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు చెబుతున్నాం. ఎవరో మీరే తేల్చండి."

ఆవిడ నవ్వి, "ఇద్దరూ నిజమే చెబుతున్నారండి. ఎమ్మారైని ఏది అడిగితే అది చెబుతుంది" అంది. తర్వాత కాగితం మీద గీసి వివరించింది. మామూలు స్కానులో కనిపించేవి దాడుల వల్ల పడిన మచ్చలు. బయటి నుంచి రక్తంలో వచ్చే కణాలు చేసే పని అది. దాడులు ఆగితే కొత్త మచ్చలు పడవు. కానీ మెదడులోనే పుట్టి, అక్కడే కాపలా ఉండే రోగనిరోధక కణాలు కొన్ని ఉన్నాయి. నా లాంటి దశలో అవి ఒకసారి రేగాక చల్లారవట. పాత మచ్చల అంచుల్లో, పైకి శుభ్రంగా కనిపించే చోట కూడా, చడీచప్పుడూ లేకుండా పాడు చేస్తూనే ఉంటాయట. వాటిని చూడడానికి వేరే స్కాను ఉందనీ, హైదరాబాదులో కొందరు దాని మీద పరిశోధన చేస్తున్నారనీ చెప్పింది.

"ముందే చెబుతున్నానండి, ఇది వైద్యం కాదు. దీనివల్ల మీ కాలు రేపు బాగవదు. వాళ్ళు నేర్చుకోవడానికి మీరు సాయం చేస్తున్నట్టు, అంతే. బొమ్మలు మాత్రం నాకు పంపిస్తారు, మీకు చూపిస్తాను" అంది.

నేను అప్పటికప్పుడే ఒప్పుకున్నాను. దానికి ముందు రక్తపరీక్ష ఒకటి ఉంది. స్కానుకి ముందు ఎక్కించే మందు ఆ రేగిన కణాలకి అంటుకుని వాటిని చూపిస్తుంది. పుట్టుకతో వచ్చే ఒక చిన్న తేడా వల్ల కొందరి ఒంట్లో ఆ మందు సరిగ్గా అంటుకోదట. వాళ్ళకి తీసిన బొమ్మ నమ్మడానికి ఉండదు కాబట్టి తీసుకోరు. జీవితంలో ఏ పరీక్షకీ అంత భయపడలేదు నేను. చదివి రాసే పరీక్ష కాదు కదా ఇది. పనికొస్తానని ఫోన్ వచ్చినప్పుడు స్టాఫ్ రూములో ఉన్నాను. పక్కన కూర్చున్న సోషల్ మేడం ఎందుకంత సంతోషమని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. నా రక్తం పాసయ్యిందని చెప్పాను.

హైదరాబాదు వెళ్ళాల్సిన రోజుకి కాలువలకి నీళ్ళు వదిలారు. అలాంటప్పుడు ఇరిగేషన్ ఆఫీసులో సెలవంటే కొట్టడానికొస్తారు. "నేనొస్తాను" అన్నారు అత్తగారు. ఆశ్చర్యపోయాను. రైలెక్కి కూర్చున్నాక, వంతెన దాటి కొవ్వూరు వచ్చేసరికి అసలు సంగతి బయటపెట్టారు.

"ఈ స్కానింగులో కూడా ఏమీ లేదని తేలితే, ఇక ఈ కాలు సంగతి ఎత్తవు కదా అమ్మా?"

నేనూ పంతానికి పోయాను. "ఎత్తనండి" అన్నాను.

"అయితే సరే" అని ఆవిడ అరటాకులో కట్టుకొచ్చిన ఇడ్లీలు విప్పారు. తన దేవుడు గెలుస్తాడని ఆవిడకి పూర్తి నమ్మకం. నాకు నా కాలు తప్ప ఇంకే సాక్షీ లేదు.

స్కాను గది చల్లగా ఉంది. ఆ మందు అదే రోజు పొద్దున తయారవుతుందట. గబగబా తెచ్చి ఎక్కించెయ్యాలి, ఆలస్యమైతే దాని సత్తువ తగ్గిపోతుంది. ఆ మాట విని అత్తగారు, "రొయ్యల్లాంటిదన్నమాట" అన్నారు. మందు పట్టుకొచ్చిన కుర్రడాక్టరు పకపకా నవ్వాడు. "అంతేనమ్మా, సరిగ్గా అంతే" అన్నాడు. నా తల కదలకుండా ఒక అచ్చు లాంటిది అమర్చి లోపలికి పంపారు. ఎమ్మారైలో లాగా డబడబా మోత లేదు. నిశ్శబ్దంగా, చాలాసేపు, కదలకుండా పడుకోవాలి.

ఆ నిశ్శబ్దంలో నాకు భయం వేసింది. జబ్బు గురించి కాదు. ఆ బొమ్మలో ఏమీ కనిపించకపోతే ఎలా అని. కనిపించకపోతే ఇక నేను జీవితాంతం బాగున్నానని చెబుతూ కాలీడ్చుకుంటూ తిరగాలి. మా ఆయన గుండె దిటవు చేసుకోమంటాడు, నేనూ అదే అనుకోవాలి. ఏ రోగి అయినా తనలో జబ్బు లేదని తేలాలని కోరుకుంటాడు. నేనేమో కనిపించు, దయచేసి కనిపించు అని నా జబ్బుని బతిమాలుకుంటూ పడుకున్నాను. ఎంత దిక్కుమాలిన ప్రార్థనో అది. కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోవడానికి లేదు, తల కదిలితే బొమ్మ పాడవుతుంది. పదిహేడో ఎక్కం చదువుకుంటూ గడిపాను.

కొన్ని వారాల తర్వాత రాజమండ్రి డాక్టరు రమ్మంది. ఈసారి ముగ్గురమూ వెళ్ళాం. ఆవిడ కంప్యూటరులో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. ఎడమవైపు మాకు అలవాటైన నలుపూ తెలుపూ ఎమ్మారై. అందులో నా పాత మచ్చలు, ఎక్కడివక్కడే. కుడివైపు అదే తల, రంగుల్లో. మచ్చల చుట్టూ అంచులు పసుపుగా, అక్కడక్కడా ఎర్రగా ఉన్నాయి. మచ్చలే లేని చోట, ఎడమ బొమ్మలో తెల్లగా శుభ్రంగా ఉన్న చోట కూడా, పసుపు పరుచుకుని ఉంది.

"ఒక్క మనిషి బొమ్మ చూసి అంతా ఇదేనని తేల్చెయ్యకూడదండి. ఇంకా నేర్చుకుంటున్నాం" అంది డాక్టరు జాగ్రత్తగా. "కానీ జబ్బు లేనివాళ్ళ బొమ్మల్లో ఇంత రంగు ఉండదు. మీరు చెబుతున్నదానికీ ఇది చూపిస్తున్నదానికీ సరిపోతోంది."

మా ఆయన ఆ రెండు బొమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. కుర్చీ నా పక్కకి జరుపుకున్నాడు.

అత్తగారు మాత్రం లేచి తెర దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, ముఖం ఆనించినంత దగ్గరగా చూశారు. చాలాసేపు చూశారు. ఆవిడ పుట్టిల్లు ద్రాక్షారామం దగ్గర, రైసుమిల్లు గోడ పక్కన.

"మా మిల్లు వెనకాల ఊక బూడిద గుట్టలుండేవండి" అన్నారు, డాక్టరుతోనే గానీ తనలో తాను అనుకుంటున్నట్టు. "పైకి చల్లారిపోయినట్టే ఉంటుంది. పొగ కూడా రాదు. తెలియక కాలు పెట్టామా, మోకాలి దాకా కాలిపోతుంది. లోపల నిప్పు అలాగే ఉంటుందండి, రోజుల తరబడి. ఇదీ అలాంటిదేనా అమ్మా?"

"అలాంటిదేనండి" అంది డాక్టరు.

"ఎప్పట్నుంచి ఉంది? ఆ మంచి రిపోర్టు వచ్చినప్పుడు కూడా ఉందా?"

డాక్టరు ఎడమవైపు బొమ్మ వంక చూసింది. "ఉండే ఉంటుందండి."

అత్తగారు వెనక్కొచ్చి కూర్చున్నారు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నారు. నేను గెలిచాను కదా, ఒక మాట ఎత్తిపొడవచ్చు. నాకు నోరు రాలేదు.

డాక్టరు ఇంకొంత చెప్పింది. ఇన్నాళ్ళూ ఈ దశకి మందులు కనుక్కోవడం కష్టమైంది, ఎందుకంటే మందు పనిచేస్తోందో లేదో చూసుకునే దారి సరిగ్గా లేదు. దాడులు లేవు, కొత్త మచ్చలు లేవు, ఇక దేన్ని లెక్కపెడతారు? మనిషి నడక తగ్గేదాకా ఏళ్ళు ఎదురుచూడాలి. ఇప్పుడు ఇలా చూడగలిగితే, మందుకి ముందు ఎంత రంగుంది, తర్వాత ఎంత తగ్గింది అని పోల్చుకోవచ్చు. ఈ కణాల్ని చల్లార్చే మందులు కొన్ని పరీక్షల్లో ఉన్నాయంది. ఇక్కడ మొదలైతే నన్ను అడుగుతానంది. ఎప్పుడని చెప్పలేనంది. ఆ నిజాయితీకే నాకు సగం ధైర్యం వచ్చింది. దారిలో మా ఆయన తనే ఆటో ఆపించి, మందుల షాపులోకి వెళ్ళి, అడుగున నాలుగు కాళ్ళున్న కర్ర తెచ్చాడు. డాక్టరు చెప్పింది విన్న మీదట నాకు పట్టపగ్గాల్లేవు, దానితో ఆ సాయంత్రమే వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను.

కానీ ఆదివారం సంగతి మిగిలి ఉంది. ఆ కర్రతో చర్చిలోకి వెళ్తే అందరి కళ్ళూ అత్తగారి మీదే పడతాయి. ఆవిడ పరువు పోవడం నాకు ఇష్టం లేదు. "ఈ వారం ఇంట్లోనే ఉంటానండి" అన్నాను శనివారం.

"ఎందుకూ? బడి పనేమైనా ఉందా?"

"అది కాదండి."

"అయితే వస్తున్నావు" అని చీర మడతలు పెట్టుకోవడానికి వెళ్ళిపోయారు.

మేం లోపలికి వెళ్ళేసరికి పాట అయిపోతోంది. నా కర్ర టక్కు టక్కుమంటుంటే తలలు తిరిగాయి. ఆడవాళ్ళ వైపు ముందు వరుసలో కూర్చున్నాం. సాక్ష్యాల సమయంలో పాస్టరు అయ్యగారు అడగ్గానే అత్తగారు లేచారు. పక్క వీధికి వినిపించే ఆ గొంతు ఆ రోజు రెండు వరుసలు దాటడానికి కష్టపడింది.

"వందనాలండి. మా కోడలికి తగ్గిపోయిందని ఇక్కడే నిలబడి చెప్పాను. తగ్గలేదండి. ఆ పిల్ల తగ్గలేదని చెబుతూనే ఉంది, నేనే వినలేదు. దేవుడు అబద్ధం చెప్పలేదు, తొందరపడింది నేను."

వెనకనుంచి ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం" అని, నాలిక్కరుచుకున్నారు.

"లోపల నిప్పు ఎక్కడుందో డాక్టర్లు చూశారండి. నేనూ చూశాను, నా కళ్ళతో. చూశారు కాబట్టి ఆర్పే మందు కూడా వెతుకుతున్నారు. ఆ వెతికేవాళ్ళ కోసం అందరూ ప్రార్థన చెయ్యండి. అది దొరికినప్పుడు సాక్ష్యం నేను చెప్పను. మా కోడలే చెబుతుంది."

ఆవిడ కూర్చున్నారు. అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అందరి తలలూ వంగాయి. అత్తగారు మాత్రం కళ్ళు మూసుకోలేదు. నా వైపు వంగి, నా చెవిలో చిన్నగా అడిగారు.

"కాలు ఎలా ఉందమ్మా ఇవాళ?"

అందరూ బాగుందట కదా, తగ్గిందట కదా అనేవాళ్ళే. ఎలా ఉందని అడిగిన మనిషి నాకు మా ఇంట్లో దొరకడం అదే మొదటిసారి.

"బాగాలేదండి అత్తయ్యగారూ" అన్నాను. అలా అంటూ ఉంటే నాకు పట్టలేనంత సంతోషం వచ్చింది.